వార్డులో నేర్చుకున్న ఆరాధన

నేను మంచి నర్సుని. ఈ మాట ముందే చెప్పేస్తే మిగిలిందంతా దాచకుండా రాయొచ్చు.

మా సంఘంలో ముగ్గురు అమ్మాయిలు ఈమధ్య నర్సింగులో చేరారు. పాస్టరు గారు ఆరాధన అయ్యాక నన్ను లేపి, "దీవెనమ్మ గారూ, పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మైకు ముందు నాకు మాట రాదు. "దేవుడు మిమ్మల్ని దీవించును గాక" అని కూర్చున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ మాట చెప్పడానికి నేనెందుకు? అన్నేళ్లు వార్డుల్లో నిలబడిన దాన్ని, వార్డు సంగతి కదా చెప్పాలి! అందుకే రాస్తున్నాను.

ఎప్పుడు ఏ పోస్టు వచ్చింది, ఎక్కడ ఎంత జీతం అన్నవి ఇందులో ఉండవు. వాటివల్ల ఎవరికీ జ్వరం తగ్గలేదు.

బాపట్ల

మా నాన్న కాకుమాను దగ్గర ఒక పల్లెలో ఉపదేశి. ఆదివారం వాక్యం చెప్పేవాడు, మిగతా రోజుల్లో పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. అరవైల మొదట్లో నన్ను బాపట్లలో ఒక చిన్న మిషను ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు చేర్చాడు. బస్సు దిగాక ఒకే మాట చెప్పాడు: "ఎవరి మంచం దగ్గరికెళ్లినా ప్రభువుని మర్చిపోకు." నేను దాన్ని నాకు తోచినట్టు అర్థం చేసుకున్నాను. డ్యూటీ అయ్యాక మంచం మంచం దగ్గరికీ వెళ్లి వాక్యం చదివేదాన్ని. నా గొంతు బాగుంటుందని అందరూ అనేవారు. నాకూ ఆ సంగతి బాగానే తెలుసు.

అక్కడ మేట్రన్ ఎస్తేరమ్మ గారు. సన్నటి మనిషి, నవ్వడం తక్కువ. ఒకరోజు నాలుగింటికి నన్ను పిలిచి, "ఇందాక ఆరో మంచం దగ్గర చదివావంటగా. ఎలా విన్నది ఆవిడ?" అని అడిగారు. ఆరో మంచం మీద ఉన్నది చీరాల నుంచి వచ్చిన నేతపనివాళ్ల ఆడమనిషి. టైఫాయిడ్.

"చాలా భక్తిగా విన్నారండి. అరగంటసేపూ కళ్లు మూసుకునే ఉన్నారు" అన్నాను గొప్పగా.

మేట్రన్ గారు నన్ను వెంటబెట్టుకుని ఆ మంచం దగ్గరికి తీసుకెళ్లారు. పడమటి కిటికీలోంచి ఎండ తిన్నగా ఆవిడ ముఖం మీద పడుతోంది. ఆవిడ ఇంకా కళ్లు మూసుకునే ఉంది. మేట్రన్ గారు వెళ్లి కిటికీ రెక్క మూశారు. ఆవిడ కళ్లు తెరిచింది.

"అరగంట నుంచీ ఎండలో ఉన్నావు గదా, చెప్పొద్దా అమ్మా?" అని అడిగారు.

"ఆ అమ్మాయి దేవుడి మాట చదువుతుందిగా తల్లీ. మధ్యలో కిటికీ వెయ్యమంటే ఏం బాగుంటది?" అన్నదావిడ.

బయటికొచ్చాక మేట్రన్ గారు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వు చదివింది ప్రభువుకు ముందే తెలుసు దీవెనా. ఆ కిటికీ మాత్రం నువ్వు వేస్తే తప్ప పడదు" అన్నారు.

మరుసటి వారం నుంచి నాకు చదివే పని లేకుండా చేశారు. చన్నీళ్లతో ఒళ్లు తుడవకూడదు. బెడ్‌పాన్ వేడినీళ్లతో కడిగి, తుడిచి, ఆ వెచ్చదనం ఉండగానే పెట్టాలి. మంచం నంబరుతో కాదు, పేరుతో పిలవాలి. ఇంజెక్షన్ ఇచ్చే ముందు "ఇస్తున్నానమ్మా" అని చెప్పాలి. ఈ నాలుగూ మూడేళ్లపాటు నూరిపోశారు. నాకు వృత్తి అబ్బింది ఆవిడవల్లే. రాగం తీసి ప్రార్థన చేసేవాళ్లను ఆ తరువాత చాలామందిని చూశాను. బెడ్‌పాన్ వెచ్చగా ఉందో లేదో చూసుకునేవాళ్లను తక్కువగా చూశాను.

తెనాలి

ట్రైనింగు అయ్యాక తెనాలిలో డాక్టర్ రాఘవయ్య గారి నర్సింగ్ హోమ్‌లో చేరాను. ఎముకల ఆపరేషన్లకు ఆయన చేయి మంచిదని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పేరు. దేవుడు లేడనే మనిషి. ఆ సంగతి రోజుకు రెండుసార్లయినా చెప్పందే ఆయనకు తోచదు. నా మెడలో సిలువ చూసి మొదటి రోజే, "పనిలో ఆయన సాయం అడగమాకు, నన్నడుగు" అన్నాడు.

అక్కడికి వచ్చిన రత్తమ్మ గారి గురించి రాయాలి. చేబ్రోలు దగ్గర పెద్ద కమతం ఉన్న రైతు కుటుంబం. డెబ్బై ఏళ్లావిడ, బావి దగ్గర జారి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్లో కాలికి తాడు కట్టి, మంచం కొసన ఇటుకల బరువు వేలాడదీసి, రెండు నెలలు కదలకుండా పడుకోబెట్టేవాళ్లం. ఆవిడ కోడలు లక్ష్మి దగ్గరుండి చూసుకునేది.

మొదటి రోజు నేను గ్లాసుతో మంచినీళ్లు ఇవ్వబోతే రత్తమ్మ గారు మొహం తిప్పుకుంది. "ఏమ్మాయ్, అక్కడ పెట్టు. మా కోడలొచ్చి ఇస్తుంది" అన్నది. నేను ఏ పేట నుంచి వచ్చానో ఆవిడకు ఎవరో చెప్పారు. నాకు అర్థమైంది.

ఆవిడ మలమూత్రాలు తీసేది నేనే. వీపు తుడిచేది నేనే. రెండు గంటలకోసారి స్పిరిట్ రాసి, పౌడరు వేసి, పక్క సర్దేది నేనే. వాటికి అడ్డం లేదు. నీళ్లకు మాత్రం ఉంది! ఆ బాధ ఎలా ఉంటుందో చదివేవాళ్లలో కొందరికి చెప్పక్కర్లేదు, కొందరికి చెప్పినా తెలియదు. కోపంతో రెండు రోజులు నేను ఆవిడతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

మూడో రోజు లక్ష్మి భోజనానికి వెళ్లి ఆలస్యంగా వచ్చింది. రత్తమ్మ గారి పెదాలు ఎండిపోయి పొరలు లేచాయి. పక్కనే చెంబు ఉంది, అందదు. నన్ను అడగదు. ఆవిడ మూర్ఖత్వానికి ఆవిడే అనుభవించనీ అని ఒక క్షణం అనిపించిన మాట నిజం. అయితే నా వార్డులో ఒక మనిషి దాహంతో పడి ఉందన్నదీ నిజమే కదా. స్టోరులోకెళ్లి కొత్త రబ్బరు గొట్టం ముక్క తెచ్చి, ఉడకబెట్టి, లక్ష్మి రాగానే వాళ్ల మరచెంబులో నీళ్లు పోయించి తలవైపు స్టాండుకు కట్టించాను. గొట్టం ఒక కొస చెంబులో ముంచి, రెండో కొస ఆవిడ నోటికి అందేట్టు పెట్టించాను. ఇక ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎవరి చేయీ లేకుండా తాగొచ్చు.

రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు గారు అది చూసి అందరి ముందూ నవ్వాడు. "ఏంటిది సిస్టర్? వీళ్ల కులాన్ని కాపాడమని మీ క్రీస్తు చెప్పాడా?"

"కులాన్ని కాదండి. ఆవిడ గొంతుని" అన్నాను.

ఆయన గొట్టం కొస పట్టుకుని చూసి, "పక్క మంచానికి కూడా ఒకటి కట్టు" అని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి కాలికి బరువు కట్టిన ప్రతి రోగికీ ఆ గొట్టం ఉండేది. నాతో పనిచేసే ఒక నర్సు మాత్రం నాతో దెబ్బలాడింది. "నిన్ను అంటరానిదన్న మనిషికి నువ్వే వసతి చేసిపెట్టావు" అన్నది. ఆ మాటలో న్యాయం ఉంది. నేను చేసింది పూర్తిగా సరైనదా అంటే ఇప్పటికీ చెప్పలేను. అటువంటి సమయంలో ఏం చేయాలో మీరు నాకంటే బాగా ఆలోచించండి. రోగి గొంతు మాత్రం ఎండనివ్వకండి.

ఆరో వారంలో ఇంకో చిక్కు వచ్చింది. పడుకునే ఉండటంతో రత్తమ్మ గారి జుట్టు తల వెనక అట్ట కట్టింది. పేలు పడ్డాయి. దువ్వెన దిగదు. ఓపిక నశించి లక్ష్మి మంగలిని పిలిపించింది. అతను పెట్టె పట్టుకుని వరండాలో కూర్చున్నాడు.

"వెంట్రుకలేగా సిస్టరు గారూ, మళ్లీ వస్తాయి" అన్నది లక్ష్మి.

రత్తమ్మ గారు గోడవైపు ముఖం తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. అంత పెద్ద నోరున్న మనిషి శబ్దం లేకుండా ఏడుస్తోంది. భర్త బతికి ఉన్న ముత్తైదువ. తిరపతి మొక్కు కాదు, ఏమీ కాదు. ఆసుపత్రి మంచం మీద గుండు! ఆ అవమానం తుంటి నొప్పి కంటే పెద్దది.

"నాలుగు రోజులు ఆగండి" అన్నాను లక్ష్మితో. "అప్పటికీ చిక్కు విడకపోతే మీ ఇష్టం."

మంగలిని పంపించేశాం. డ్యూటీ రెండింటికి దిగేదాన్ని. దిగాక ఆవిడ తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి, పాయ పాయగా తడిపి, చెక్క దువ్వెన కొసతో ఒక్కో వెంట్రుకా విడదీశాను. లాగితే నొప్పి. లాగకపోతే రాదు. మొదటి రోజు సాయంత్రానికి అరచేతి వెడల్పు కూడా తేలలేదు. రెండో రోజు ఆవిడ, "నీకు పిల్లలా?" అన్నది. "ఇంకా పెళ్లి కాలేదండి" అన్నాను. "మరి అమ్మ తలకి ఇట్టా చేశావా?" "మా అమ్మ నా చిన్నప్పుడే పోయిందండి." మూడో రోజు ఆవిడే తన పెళ్లి సంగతులు, చనిపోయిన కూతురి సంగతులు చెప్పింది. కూతురి జడ మోకాళ్ల దాకా ఉండేదట.

నాలుగో రోజు నాలుగింటికి చిక్కంతా విడిపోయింది. పేలు దువ్వి, తల రుద్ది, ఆరబెట్టి, సన్నటి జడ అల్లి ముందుకు వేశాను. ఆవిడ జడ చేత్తో తడుముకుంది. లక్ష్మి అద్దం పట్టింది. "బొట్టు పెట్టు" అన్నది కోడలితో. అంతే.

డిశ్చార్జి రోజు కారు వచ్చింది. రత్తమ్మ గారు చేతికర్ర పట్టుకుని నిలబడగలిగింది. వెళ్లబోతూ నా వైపు తిరిగి, "దీవెనమ్మా" అన్నది. రెండు నెలల్లో పేరుతో పిలవడం అదే మొదలు. "నీ చేతి నీళ్లు తాగాలనే ఉంది. డెబ్బై ఏళ్ల అలవాటాయె. గొంతు దిగదు." తరువాత కోడలితో, "లక్ష్మీ, నువ్వు తాగు" అన్నది.

లక్ష్మి నా వైపు, అత్తగారి వైపు చూసింది. నేను కుండలోంచి గ్లాసుతో ముంచి ఇచ్చాను. అందరి ముందూ నిలబడి చివరి చుక్క దాకా తాగింది. రత్తమ్మ గారు అది చూసి తలూపి కారెక్కింది.

కిటికీ దగ్గర నిలబడిన డాక్టరు గారు, "రెండు నెలల్లో వీపు మీద ఒక్క పుండు పడలేదు. నేను ఆపరేషన్లే చేస్తాను సిస్టర్, ఇది నాకు రాదు" అన్నాడు. దేవుడు లేడనే ఆ మనిషి, చేతిలో పైసా లేని ఎంతమందికి కాళ్లు బాగుచేశాడో నాకు తెలుసు. ఎవరి దగ్గర పని నేర్చుకుంటున్నారో చూసుకోండి. వాళ్లు గుడికి వెళతారా లేదా అని కాదు.

రేపల్లె

ఇంతవరకూ చదివి ఈవిడ బాగానే చేసింది అనుకుంటారు. ఇప్పుడు చెప్పబోయేది నేను చేయకుండా వదిలేసిన పని.

డెబ్బైల్లో రేపల్లెలో ఒక చిన్న కాన్పుల ఆసుపత్రికి హెడ్ నర్సుగా వెళ్లాను. అప్పటికి పెళ్లయింది, గుడిలో పాటల బృందానికి నేనే ముందు. ఆ ఆదివారం మా చర్చిలో కోత పండుగ. మొదటి పాట నేనే ఎత్తుకోవాలి. తొమ్మిదింటికి కొత్త తెల్లచీర కట్టుకుని ఆసుపత్రి వరండాలోంచి వెళుతున్నాను. బల్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. మగమనిషి పేరు వీరాస్వామి, పెనుమూడి రేవులో పడవ నడుపుతాడు. అప్పటికి అక్కడ వంతెన లేదు. పక్కన భార్య నాంచారమ్మ.

"ఎన్నో నెల?" అన్నాను నడుస్తూనే.

"ఎనిమిది నిండిందండి" అన్నాడు.

"నొప్పులొస్తున్నాయా?"

"లేవండి. తలకాయ పగిలిపోతందంటందండి."

"కూర్చోండి. డాక్టరమ్మ పదకొండింటికి వస్తారు."

ఆమె ముఖం ఉబ్బి ఉంది. నేను చూశాను. చూడలేదని అబద్ధం రాయను. నిండు చూలాలికి ముఖం ఉబ్బు, తలనొప్పి రెండూ కలిస్తే ఏం రాబోతుందో మొదటి సంవత్సరం పిల్లకు కూడా తెలుసు. కాలికి నీరు పట్టి గుంట పడుతుందేమో వేలితో నొక్కి చూసి, బి.పి. కట్టడానికి ఎంతసేపు? మూడు నిమిషాలు. లోపల కాన్పు చేయిస్తున్న నర్సుకు ఒక మాట చెప్పి వెళ్లినా సరిపోయేది. గుడి గంట మోగుతోంది. నేను వెళ్లిపోయాను.

మూడో పాట పాడుతుండగా మా ఆయా చెప్పులు కూడా లేకుండా గుడి గుమ్మంలోకి వచ్చి చేయి ఊపింది. పరిగెత్తాను. వరండాలో నాంచారమ్మ గుర్రపువాతం వచ్చి ఫిట్స్‌తో కొట్టుకుంటోంది. వీరాస్వామి ఆమె తల ఒళ్లో పెట్టుకుని, నాలుక కొరుక్కోకుండా తువ్వాలు పట్టాడు. డాక్టరమ్మ గారు వచ్చారు. రెండు రోజుల తరువాత తల్లికి తెలివి వచ్చింది. కడుపులో బిడ్డ దక్కలేదు. మగబిడ్డ.

"ముందే చూసినా ఏమయ్యేదో చెప్పలేం దీవెనమ్మా" అన్నారు డాక్టరమ్మ గారు. పది రోజులు ఆ మాట పట్టుకుని తిరిగాను. డిశ్చార్జి రోజున వీరాస్వామి నాకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "మీ దయవల్ల మా ఆడమనిషి దక్కిందండి" అన్నాడు. దాంతో డాక్టరమ్మ గారి మాట నాకు పనికిరాకుండా పోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం బస్సెక్కి పెనుమూడి వెళ్లాను. మా ఆయనకు చెప్పాను. "ఎందుకు, గొడవవుతుంది" అన్నాడు. "అవనీ" అన్నాను.

రేవు దగ్గర పాక. వీరాస్వామి బయటే కూర్చుని తెడ్డుకు తాడు చుడుతున్నాడు. కంగారుగా లేచాడు.

"ఏంటమ్మగారూ, ఇట్టా వచ్చారు?"

"ఒక మాట చెప్పాలని వచ్చానండి. ఆ రోజు మీ ఆవిడ ముఖం ఉబ్బి ఉండటం నేను చూశాను. అప్పుడే పరీక్ష చేయాల్సింది. గుడికి ఆలస్యమవుతుందని వెళ్లిపోయాను. తప్పు నాది."

"నేను మీకు దణ్ణం పెట్టాను" అన్నాడు.

"పెట్టారు. అందుకే రాకుండా ఉండలేకపోయాను."

"ఇప్పుడు చెబితే బిడ్డొస్తాడా?"

"రాడు."

తెడ్డు కింద పడేసి రేవులోకి వెళ్లిపోయాడు. నేను ఎండలో నిలబడ్డాను. పాక లోపలి నుంచి నాంచారమ్మ, "లోనకి రండి" అన్నది. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అంతా విన్నది.

"మీరు నా మొకంలోకి సరిగ్గా చూళ్లేదండి ఆ రోజు. నేను మీ చీర చూస్తన్నాను. ఎంత తెల్లగా ఉందో అనుకున్నాను" అన్నది. కోపంగా కాదు, మామూలుగా అన్నది. అంతకంటే పెద్ద మాట నన్నెవరూ అనలేదు.

ప్రార్థన చేస్తానని నేను అనలేదు. "మీ కాళ్లు ఒకసారి చూడనిస్తారా?" అన్నాను. సంచిలోంచి బి.పి. మిషను తీసి కట్టాను. ఇంకా ఎక్కువే ఉంది. ఉప్పు తగ్గించమని చెప్పి, మాత్రలు ఇచ్చి, వచ్చే శనివారం వస్తానన్నాను. వరసగా ఆరు శనివారాలు వెళ్లాను. వీరాస్వామి మాట్లాడేవాడు కాదు. నాలుగో వారం నేను వెళ్లేసరికి పీట బయట వేసి ఉంది. వేసింది ఎవరని నేను అడగలేదు.

ఆ తరువాత రేపల్లెలో ఉన్నన్నాళ్లూ ఆదివారం పొద్దున డ్యూటీ నాదే. మిగతా అమ్మాయిల్ని గుడికి పంపేదాన్ని, నేను సాయంత్రం ఆరాధనకు వెళ్లేదాన్ని. పాటల బృందానికి వేరే మనిషిని పెట్టుకోమన్నాను. వరండాలో కూర్చున్నవాళ్లను ముందు చూడకుండా ఎవరూ లోపలికి గానీ బయటికి గానీ వెళ్లకూడదని కట్టడి చేశాను. డాక్టరమ్మ గారు కూడా దానికి కట్టుబడ్డారు.

నాంచారమ్మకు మళ్లీ నెల తప్పినప్పుడు మూడో నెలలోనే వచ్చింది. ప్రతి వారం చూశాను. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. దానికంటే నాకు గొప్పగా తోచేది ఆమె తరువాత చేసిన పని. ఆ రేవు పక్కల్లో, లంకల్లో ఎవరు కడుపుతో ఉన్నా నాంచారమ్మ వాళ్ల కాళ్లు బొటనవేలితో నొక్కి చూసేది. గుంట పడితే తనే బస్సెక్కించి తీసుకొచ్చేది. "గుంట పడిందమ్మగారూ, చూడండి" అంటూ వరండా మెట్లెక్కేది. ఆమె తెచ్చినవాళ్లలో ఒక్క తల్లి కూడా మా చేతుల్లో పోలేదు. చదువు లేని మనిషి. నేను తయారుచేసిన నర్సులందరిలో ఆమెనే ముందు చెబుతాను.

డెబ్బైల చివర్లో నాకు అక్కణ్నుంచి బదిలీ అయింది. సభ పెట్టారు. డాక్టరమ్మ గారు శాలువా కప్పారు. పాస్టరు గారు నా విశ్వాసం గురించి, ఊళ్లో పెద్దలు నా సేవ గురించి చాలా పెద్ద మాటలు మాట్లాడారు. అందరూ అయ్యాక వెనక నుంచి నాంచారమ్మ లేచి, "నేనొక మాట చెప్పొచ్చా అండీ?" అన్నది. మైకు దగ్గరికి రమ్మన్నారు. రాలేదు. కొంగు బిగించుకుని ఉన్నచోటే నిలబడింది.

"ఈ అమ్మగారు మాకాడ ఒక తప్పు చేసిందండి. మాకు తెలవదు. ఎవరూ చెప్పలేదు. ఆవిడే బస్సెక్కి మా ఇంటికొచ్చి చెప్పింది. పెద్దోళ్లు తప్పు చేసి మా గుమ్మంలోకి రావటం నేను పుట్టాక అదొక్కసారే చూశానండి."

చెప్పి కూర్చుంది. పక్కన వీరాస్వామి తల వంచుకుని, ఒళ్లో నిద్రపోతున్న కూతురి జుట్టు సవరిస్తున్నాడు.

నా మెడలో దండలున్నాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంత గర్వంగా నేను ఇంకెప్పుడూ నిలబడలేదు.